చిలుక ముక్కు

ఆ ఉదయం బంగళా కేర్‌టేకర్ అనుకున్నది ఒక్కటే. మామగారు వచ్చేలోగా మెట్ల మలుపులో ఉన్న కిటికీ తుడిచేయాలి. కమిషనర్లు ఉండే పాత బంగళా అది. కిటికీ నిండా రంగు గాజులు. మధ్యలో ఎర్ర ముక్కు చిలుక. ఇతని కంటే ముందు ఆ ఉద్యోగం మామగారిదే. "నా హయాంలో ఒక్క ముక్క పగల్లేదు. తడి తగలనివ్వకు, పొడిగుడ్డే" అని వచ్చినప్పుడల్లా చెబుతాడు.

పైమూల బూజు అందక అల్లుడు చీపురుకర్ర ఎత్తాడు. కర్ర తగిలి చిలుక ముక్కు ఊడి, మెట్ల మీద పడి పొడైంది.

వెనక క్వార్టర్స్‌లోకి పరిగెత్తాడు. వంటింట్లో ఎర్ర ప్లాస్టిక్ మూత కనిపించింది. కత్తిరించి, జిగురు పూసి, చిలుకకు ముక్కు పెట్టాడు.

"పంచదార డబ్బా మూతేదండీ?" భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"ప్రభుత్వ సేవలో ఉంది. మీ నాన్నకి చెప్పకు."

ఎండెక్కేసరికి కొత్త ముక్కు వెలిగిపోయింది. కమిషనర్‌గారి భార్య ఆగి చూసింది.

"ముక్కు భలే మెరుస్తోందే. రెక్కే మాసిపోయింది. సబ్బునీళ్ళతో కడుగు."

"తడి తగలకూడదటమ్మా."

"ఎవరన్నారు?"

"మా మామగారు."

"ఆయనింకా ఇక్కడే పనిచేస్తున్నారా?"

బకెట్ తెచ్చాడు. రెక్కను రుద్దగానే పచ్చరంగు పొరలా లేచి గుడ్డకంటింది. మిగిలిన గాజులోంచి పెరట్లో నీళ్ళ ట్యాంకు స్పష్టంగా కనిపించింది. సరిగ్గా అప్పుడే మామగారు మెట్లెక్కి వచ్చాడు. బకెట్‌ను, చిలుకను, అల్లుణ్ణి వరసగా చూశాడు.

"కడిగావా?"

"తప్పయిపోయింది మావయ్యా. రెక్క పాడుచేశాను. ముక్కు కూడా నేనే పగలగొట్టాను."

మామగారు కింద ఎవరూ లేరని చూసుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"ముక్కు సంగతి తెలీదు గానీ, రెక్క నీ ఖాతాలో వేసుకోకు. నీ పెళ్ళాం పుట్టిందని కబురొస్తే ఆ ఆత్రంలో నిచ్చెనతో గుద్దేశాను. మామూలు గాజు పెట్టి రంగేశాను."

"మరి, పొడిగుడ్డ?"

"తడి తగిలితే రంగు పోదూ?"

కాసేపు ఇద్దరూ నీళ్ళ ట్యాంకును చూశారు. మామగారు లేచి ముక్కును గోటితో తట్టాడు.

"దేంతో చేశావు?"

"పంచదార డబ్బా మూత."

"ఉప్పు డబ్బా మూత పచ్చదే కదూ?"

సాయంత్రానికి చిలుక రెక్క కూడా మెరిసింది. అది పొడిగుడ్డ మహిమేనని మామగారు చెబితే అమ్మగారు ముచ్చటపడి, ఇకమీదట ఆయన చెప్పినట్టే చేయమంది. కిటికీని పొడిగుడ్డతోనే తుడవాలన్న నియమం ఇప్పటికీ అమల్లో ఉంది.