హంతకుడు మనోడే

సస్పెన్సు సినిమాకి పోయేవాణ్ణి దారిలో ఆపి, చంపిందెవరో చెప్పేసేవాడున్నాడే, వాడికి మునిసిపాలిటీ వారు శాలువా కప్పి సన్మానం చెయ్యాలి!

కోప్పడకండి. ఆలోచించే రాస్తున్నాను.

సస్పెన్సు వల్ల ఇంతవరకూ ఎవరికైనా ఏమైనా ఒరిగిందా? గుండె అరచేతిలో పెట్టుకుని కూచోవడం, ఇంటర్వెల్లో తాగిన సోడా గొంతులోనే ఆగిపోవడం, కెవ్వుమనగానే పక్కసీటువాడి తొడ గిల్లి మాట పడడం. అదే హంతకుడు డాక్టరని ముందే తెలిసిందనుకోండి, కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు వొలుచుకోవచ్చు. బ్లడ్ ప్రెషరు ఎక్కడిదక్కడే ఉంటుంది.

సినిమాకని బస్సెక్కి వచ్చే తగరపువలస వాళ్ళ సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? ఆఖరి బస్సు కోసం వాళ్ళు ఏ సినిమాకైనా క్లైమాక్సుకి ముందే లేచిపోవాలి. చంపిందెవరో తెలియకుండానే ఆ ఊళ్ళో ఒక తరం తల నెరిసింది. బస్టాండుకి తీసుకుపోయే రిక్షావాడు మలుపులో వెనక్కి తిరిగి ఆ ఒక్క పేరూ చెప్పకపోతే వాళ్ళ గతేమిటి?

లెక్కల పుస్తకంలో జవాబులు చివర వేస్తారు. నేను ముందు అవే చూసేవాణ్ణి. అందుకే ఏడో క్లాసులో బడీ నేనూ ఒకరినొకరు వదులుకున్నాం. ఆ నష్టం బడికే. జవాబు ముందు తెలిస్తే ఎంత సుఖమో మా మాస్టార్లకు తెలియలేదు, అర్జునరావుకీ తెలియలేదు.

అర్జునరావుది గోపాలపట్నం. మద్రాసు వెళ్ళి, ఏళ్ళ తరబడి ఇతరుల సినిమాలకి క్లాపు కొట్టి, విసుగెత్తి సొంత ఊరికొచ్చి సొంత సినిమా తీశాడు. పేరు 'పదో గొడౌను'. అందరూ రంగుల్లో తీస్తుంటే ఇతగాడిది నలుపూ తెలుపూ. పాటల్లేవు. పెద్ద సినిమాలు వాడగా మిగిలిన ఫిల్ము ముక్కలు పోగుచేసి తీశాడు. రాత్రి షూటింగుకి లైట్లెక్కడివి? మిట్టమధ్యాహ్నం హార్బరు వెనక నిలబడి, లెన్సు ముందు నల్లద్దం పెట్టి, ఇదే అర్ధరాత్రి అన్నాడు. అందుకే ఆ సినిమాలో అర్ధరాత్రి ఖూనీ జరుగుతుంటే వెనకాల ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతుంటారు. కాకులు కూడా అరిచాయి గానీ, డబ్బింగులో తీసేశారు.

ఇంత అవస్థపడి చీకటి సినిమా ఎందుకు తియ్యాలి? దానికో కారణం ఉంది.

అర్జునరావు బావ వరహాలు హార్బరు దగ్గర ఒక ప్రైవేటు గొడౌనుకి కాపలావాడు. వెనకగేటు నుంచి బస్తాలు వెళ్ళిపోతున్నాయని ఒకరిద్దరితో అన్నాడు. పైవాళ్ళకి చెప్పేస్తానని కూడా అన్నాడు. ఒక తెల్లవారుజామున గొడౌను మెట్ల కింద తల పగిలి దొరికాడు. కాలు జారిందన్నారు. పోలీసులొచ్చి అడిగితే వీధంతా ఒక్కలాగే సమాధానం చెప్పింది. టీకొట్టు సత్యం ఆ సమయానికి పాలు కాస్తున్నాడట. బండివాడు నిద్రలో ఉన్నాడట. ఎదురింటి మంగాయమ్మ గోడవైపు తిరిగి పడుకుందట. ఎంత క్రమశిక్షణ గల వీధి!

వరహాలు భార్య, అంటే అర్జునరావు అక్క కాసులమ్మ, తమ్ముడు మద్రాసు నుంచి రాగానే ఒకటే మాటంది.

"ఆడి పేరు ఈదిలో అందరికీ తెలుసురా. ఒక్కడు నోరిప్పితే సాలు. నాకింకేటీ అక్కర్నేదు."

ఆ ఒక్క నోరు తెరిపించడానికే అర్జునరావు సినిమా తీశాడు. గొడౌను యజమానికి ఒక అలవాటుంది. మాట్లాడే ముందు కళ్ళజోడు తీసి, కండువా కొసతో తుడిచి, వెలుగుకేసి ఎత్తి చూసి, అప్పుడు పెట్టుకుంటాడు. హార్బరు చుట్టుపక్కల కుక్కపిల్లకి కూడా ఆ అలవాటు ఎవరిదో తెలుసు. సినిమా అంతా హంతకుడు చీకట్లోనే ఉంటాడు. ఆఖరి రీలులో వెలుగులోకి వచ్చి, కళ్ళజోడు తీసి, తుడిచి, ఎత్తి చూస్తాడు. అంతే. హాలంతా ఒక్కసారి ఆ పెద్దమనిషి పేరు అరుస్తుంది. అంతమంది సాక్షులు నిద్రలో ఉన్నామనీ పాలు కాస్తున్నామనీ చెప్పలేరు కదా!

మంచి ఆలోచనే. సస్పెన్సు మీద అంత నమ్మకం పెట్టుకోవడమే తప్పు.

హంతకుడి వేషానికి కొండవతల చేపలవాళ్ళ ఊరు యారాడ నుంచి తవిటయ్యని తెచ్చాడు. సముద్రం మీద బతికేవాడు, రాతిలాంటి మొహం. "ఆఖర్న వొచ్చేది నువ్వేనని ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు. తవిటయ్య ఒట్టు తప్పలేదు. ఒక్క పెళ్ళానికే చెప్పాడు.

మొదటి ఆట రోజున యారాడ యారాడంతా కొండ దిగి, పడవలో రేవు దాటి, హాలు ముందు వాలింది. రెండు గెడకర్రల మధ్య గుడ్డ కట్టి, దానిమీద ఎర్ర అక్షరాలతో రాయించారు: 'హంతకుడు మనోడే. యారాడ అభిమానులు.' కింద తవిటయ్య ఫోటో, దానికి బంతిపూల దండ. క్యూలో ఉన్న ఒక్కొక్కడి భుజం తట్టి మరీ చెబుతున్నారు.

"సంపింది మా తవిటయ్యే బావ. ఆఖర్న వొత్తాడు, లేసిపోకండి."

అర్జునరావు పరుగెత్తుకెళ్ళి తవిటయ్య భార్య దేముడమ్మకి చేతులు జోడించాడు.

"వొదినా, నీకు దండం పెడతాను. ఆ గుడ్డ దింపించీ."

"ఎందుకు దించాల బాబూ? మా ఆయనేటి దొంగసాటుగా సంపేడేటి? కెమేరా ముందర సంపేడు. సెప్పుకోడానికి సిగ్గెందుకు?"

"సినిమా పోతాది వొదినా."

"ఏటీ పోదు. నువ్వు సెమటలట్టి సచ్చిపోతన్నావు, ముందొక సోడా తాగు."

అర్జునరావు సోడా తాగాడు. గుడ్డ అక్కడే ఉంది.

బాల్కనీలో ముందువరసలో గొడౌను యజమాని కూచున్నాడు. పాసు పంపింది అర్జునరావే. కింద బెంచీ క్లాసులో టీకొట్టు సత్యం, బండివాడు, మంగాయమ్మ, వీధివీధంతా ఉంది. ఆడవాళ్ళ వైపు చివర కాసులమ్మ. అర్జునరావు మాత్రం కూచోలేక పక్కతలుపు కర్టెను పట్టుకుని నిలబడ్డాడు.

ఆఖరి రీలు వచ్చింది. తవిటయ్య వెలుగులోకి వచ్చాడు. కళ్ళజోడు తీశాడు. కండువా కొసతో తుడిచాడు. ఎత్తి చూశాడు.

హాల్లో ఒక్కసారిగా వేరుశనక్కాయల చప్పుడు ఆగిపోయింది. తెర వెలుగులో సత్యం మొహం అర్జునరావుకి స్పష్టంగా కనిపించింది. నోరు తెరుచుకుని ఉంది. నాలుక కదిలింది. మాట పెదవుల దాకా వచ్చేసింది.

పాఠకులారా, ఎంత ప్రమాదం తప్పిందో చూడండి. ఆ మాట బయటపడితే సత్యం టీకొట్టు ఏమైపోను? వాడి పిల్లలేమైపోను? సరిగ్గా అప్పుడే యారాడ వాళ్ళు లేచి నిలబడ్డారు.

"తవిటయ్యా!"

చిల్లర డబ్బులు తెర మీదకి ఎగిరాయి. హాలంతటికీ పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టయింది. అరవడానికి ఒక పేరు దొరికింది. "తవిటయ్యే, తవిటయ్యే" అని బండివాడు, మంగాయమ్మ, అందరూ ఎత్తుకున్నారు. అందరికంటే పెద్దగా అరిచింది సత్యం. బాల్కనీలో పెద్దమనిషి కూడా లేచి చప్పట్లు కొట్టి, కళ్ళజోడు తీసి, కండువా కొసతో తుడుచుకున్నాడు.

సినిమా బాగానే ఆడింది. తవిటయ్యకి హార్బరు దగ్గరే సభ పెట్టి శాలువా కప్పారు. కప్పింది ఎవరో వేరే చెప్పాలా? నటన సహజంగా ఉంది, ఎక్కడో చూసినట్టే ఉంది అని ఆయన మెచ్చుకున్నాడు. తవిటయ్యకి కాపలా ఉద్యోగం కూడా ఇస్తానన్నాడు. అక్కడ ఒకటి ఖాళీగా ఉందట.

ఆ మొదటి ఆట రోజున హాల్లోంచి బయటికొచ్చాక అర్జునరావు అక్క మొహంలోకి చూడలేకపోయాడు. కాసులమ్మే దగ్గరికొచ్చి, అతని చొక్కా మీద పడిన బంతిరేకులు దులిపింది.

"బాగా తీసేవురా."

"ఎక్కడ బాగు అక్కా. ఒక్కడూ నోరిప్పనేదు."

"యారాడోళ్ళు అరవకముందు ఒక్క నిమషం హాలంతా గప్‌చుప్‌గా ఉంది సూడు. అప్పుడిన్నాను నాను. అందరూ ఆడి పేరే అన్నారు."

ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళు గోపాలపట్నం దాకా నడిచే వెళ్ళారట. అర్జునరావు మళ్ళీ మద్రాసు వెళ్ళి క్లాపు పట్టుకున్నాడు.

కాబట్టి అయ్యా, హంతకుడి పేరు ముందే చెప్పేవాళ్ళని తిట్టకండి. వాళ్ళే లేకపోతే ఈ ఊళ్ళో ఎన్ని టీకొట్లు మూతపడేవో, ఎందరు గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళు ఇటు తిరగాల్సొచ్చేదో! పోలీసులొచ్చి అడిగినా చెప్పని ఊరు, హాల్లో అడక్కుండానే చెబుతోంది. అంతకంటే ఏం కావాలి?

చివరిదాకా ఓపిగ్గా చదివారు గనక మీరొక ప్రశ్న అడగొచ్చు. ముందే చెప్పేవాళ్ళని ఇంతగా మెచ్చుకున్నావు కదా, ఇన్ని పేర్లు రాశావు, ఆ పెద్దమనిషి పేరు ఒక్కచోటా రాయలేదే, వరహాల్ని చంపిందెవరో నువ్వయినా చెప్పవేం అని.

ఎందుకు చెప్పను? నాకేం భయమా?

తవిటయ్య.