శూన్యారావుగారి ఖాళీలు

శూన్యారావు అసలు పేరు కాదు. చుక్కకీ చుక్కకీ నడుమ ఉండే ఖాళీల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్నాడని తోటి మాస్టర్లు తగిలించిన పేరు. ఆ పనిలో ఊహలు ఆయనవి, లెక్కలు భార్యవి.

"పాలగిన్నె ఖాళీ అయితే కనబడదు గానీ, ఆకాశంలో ఖాళీ మాత్రం భలే కనబడుతుంది మీకు," అనేదావిడ.

వ్యాసం పూర్తయింది. ఏ పత్రికకి పంపాలన్న దగ్గరే వచ్చింది తంటా.

"చిన్న పత్రికకే పంపుదామండీ. మన ఖాళీల సంగతి తెలిసినవాళ్లు, అక్షరం అక్షరం చదువుతారు."

"పెద్దదాంట్లో పడితే లోకమంతా చూస్తుందే!"

"వాళ్ల గుమ్మం తొక్కి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. ఈలోగా మన లెక్క ఇంకెవరైనా వేసేస్తే? ఒకేసారి రెండు చోట్లకి పంపడానికీ లేదాయె."

"సరే, చిన్నదానికే," అన్నాడు పిల్లిలా. ఆవిడ బట్టలారేయడానికి మేడెక్కగానే పెద్దదానికి పంపేశాడు.

ఇక కాళ్లు నేల మీద లేవు. టీలో మీగడ సుడి తిరుగుతుంటే పాలపుంతే కప్పులోకి దిగినట్టుంది. చెంచాతో చెరపడానికి మనసొప్పక చక్కెర అడుగునే వదిలేసి చప్పటి టీ తాగేశాడు.

"చిన్న పత్రికవాళ్లేమన్నారండీ?"

"చదువుతున్నారే. అక్షరం అక్షరం."

"పాపం, కళ్లు నొప్పెడతాయేమో!"

వారం తిరక్కుండానే పెద్ద పత్రిక జవాబిచ్చింది: మీ ఖాళీలు బాగున్నాయి, మా దగ్గరే ఖాళీ లేదు.

జన్మలో మొదటిసారి ఖాళీలు మాయమై, చుక్కలు కనబడ్డాయి శూన్యారావుకి.

గుట్టుగా చిన్నదానికి పంపేద్దామని టీకప్పుతో తలుపు దగ్గరేసుకుని కూర్చున్నాడు. 'ఈ వ్యాసం ఇదివరకే మాకందింది' అంది కంప్యూటరు.

"ఏమే! మన లెక్క ఎవరో ఎత్తుకుపోయారే!"

ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరో కాదు, నేనే. పెద్ద పత్రిక కాదనగానే పంపేశాను."

"కాదన్నట్టు నీకెలా...?"

"రాసినవాళ్లు ఇద్దరైతే కబురూ ఇద్దరికీ వస్తుందండీ. మీరు పంపిననాడు మేడమెట్ల మీదే నా ఫోను మోగింది. మీకూ వచ్చే ఉంటుంది, చూస్తేగా!"

"మరి అప్పుడే నిలదీయలేదేం?"

"టీకప్పులో ఆకాశం చూస్తూ అంత హాయిగా ఉంటిరి. ఒక్క వారం కలగననిద్దాంలే అనుకున్నా."

 శూన్యారావు తెర మీదకి వంగి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఎప్పుడూ నా పేరేగా ముందు? నీ పేరొచ్చిందేమిటే?"

"మీ పేరుకి ముందు ఖాళీ కనబడిందండీ," అందావిడ, ఆయన టీలో చెంచా గిరగిరా తిప్పుతూ. "నింపేశాను."