నీళ్లు జాబితాలో లేవు

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, పులి ఎక్కడుందో ఒక్కోసారి పులికే తెలిసేది కాదు. అక్కడి జంతువులకి ఒంటిమీది కోటు విప్పి ఉతికించుకునే అలవాటు. ఉతికేది నాంచారమ్మ అనే నీటికుక్క. వాగు మడుగులో కోటు ముంచి, కుంకుడు నురగ పట్టించి, బండమీద ఎండేసి ఇచ్చేది. ఇద్దరు పిల్లలతో ఆవిడ కాపురం ఆ మడుగు గట్టునే.

ఇంతలో ఎగువన నక్క పరిశుద్ధరావు డ్రై క్లీనింగ్ కొట్టు తెరిచాడు. పీపాలో ఏదో మందు, అందులో కోటు వేసి తిప్పడం, అంతే. వాడిన మందంతా వాగులోకి. వారం తిరక్కుండానే నాంచారమ్మ పిల్లల కళ్లు వాచిపోయాయి.

ఆవిడ సభలో మొరపెట్టుకుంది. సభ చాలా కదిలిపోయింది. కదిలిపోయి ఒక చట్టం చేసింది: పర్యావరణానికి మేలు చేసే డ్రై క్లీనింగుకే పచ్చముద్ర, ముద్ర లేకుండా కోటు ముట్టుకుంటే నేరం. పున్నమిలోగా ముద్ర రానివాళ్లు వాగు ఖాళీ చెయ్యాలి.

హమ్మయ్య అనుకుంది నాంచారమ్మ, పాపం.

ముద్ర వేసే అధికారి ఊసరవెల్లి. ముందు నక్క కొట్టుకెళ్లాడు. తలుపు పచ్చ, పీపా పచ్చ, బోర్డు మీద రెండు ఆకుల బొమ్మ. చూస్తూ చూస్తూ తనూ పచ్చబడిపోయాడు. "అబ్బ, ఎంత పచ్చదనం!" అంటూ ముద్ర గుద్దేశాడు.

తర్వాత మడుగు దగ్గరికొచ్చాడు.

"ఏ ద్రావకం వాడతావమ్మా?"

"అంటే ఏంటండీ?"

"మురికి దేంతో వదిలిస్తావూ అని."

"నీళ్లతో అయ్యగారూ."

ఊసరవెల్లి చేతిలో ఉన్న, సభ ఒప్పుకున్న ద్రావకాల జాబితా పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ కిందనుంచి పైకి చదివాడు. పద్నాలుగు పేర్లు, ఒక్కటీ నోరు తిరిగేది కాదు.

"నీళ్లు జాబితాలో లేవమ్మా."

"లేకపోవడమేంటండీ! పొద్దున తమరు తాగలేదూ?"

"తాగడం వేరే శాఖ. పైగా నీ దగ్గర కోట్లు తడుస్తున్నాయి. డ్రై క్లీనింగులో తడేంటి?"

"ఎండలో వేస్తే ఆరిపోతాయండీ."

"ఎండ కూడా లేదు ఇందులో."

గట్టుమీద పరిశుద్ధరావు పళ్లికిలించాడు. "దిగులుపడకక్కా. పున్నమి వెళ్లగానే నీ మడుగులో నా పీపాలు కడుక్కుంటాలే."

పున్నమి వారం ఉందనగా పులిదొర కోటు మాసింది. దొరే ముద్ర లేని చోట వేస్తే బాగుంటుందా? పరిశుద్ధరావు కొట్టుకే వెళ్లింది. తళతళలాడుతూ వచ్చింది కూడా. వాసన మాత్రం కొండ అవతలికి కొట్టింది. దొర పొదలో నక్కడం ఆలస్యం, ఎక్కడో మేస్తున్న జింకలు ముక్కులు మూసుకుని, "దొరగారొచ్చారర్రా!" అని తప్పుకునేవి. నాలుగు రోజులయ్యేసరికి దొర గడ్డివంక ఆశగా చూడ్డం మొదలెట్టాడు.

అయిదోరోజు అధికారిని వెంటేసుకుని మడుగు దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా నాంచారమ్మా, ఈ కంపు వదిలిస్తావా?"

నాంచారమ్మ వెనక్కి చూసింది. పిల్లలు ఇంకా కళ్లు నులుముకుంటున్నారు. చేతులు కట్టుకుంది.

"ముద్ర లేదు దొరా. ముట్టుకుంటే నేరమట."

"ఎవడన్నాడు?"

పక్కనున్న ఊసరవెల్లికి ఒళ్లంతా చారలు తేలాయి. "నేను కాదు దొరా, జాబితా! మార్చాలంటే సభ కూడాలి, సభకి నెల పడుతుంది..." దొర కడుపు గుర్రుమంది. "పేరు మారిస్తే సరిపోతుంది లెండి!"

అక్కడికక్కడే రాశాడు. ద్రావకం: సహజ పారదర్శక ద్రవం. పద్ధతి: తడి డ్రై క్లీనింగ్. ముద్ర పడింది.

నాంచారమ్మ మూడుసార్లు కుంకుడు పెట్టి ఉతికి, బండమీద ఎండేసింది. ఆ సాయంత్రమే దొర కడుపు నిండింది. ఎవరితో నిండిందో, మర్నాడు పరిశుద్ధరావు కొట్టు తెరవకపోయేసరికి అందరికీ అర్థమైంది.

వాగు తేటపడింది, పిల్లల కళ్లూ తేటపడ్డాయి. చిన్నది ఆడి ఆడి అలిసొచ్చి, "అమ్మా, కాసిని నీళ్లివ్వవే" అంది.

"ష్!" అంటూ నాంచారమ్మ దాని నోరు మూసింది. "అధికారి వింటాడే!"

నీతి: మురికి వదలడానికి నీళ్లు చాలు, ముద్ర పడాలంటే మాత్రం వాటిని నీళ్లనకూడదు.