పెద్దాసుపత్రిలో ఒక చుక్క తక్కువ

ఒక పెద్ద అడవిలో ఒక పెద్దాసుపత్రి ఉండేది. డాక్టర్లు ఎక్కువని ఆ పేరు రాలేదు, గుహ పొడవు ఎక్కువని వచ్చింది. గుమ్మంలో నిలబడి కేక వేస్తే, చివరి మంచం దాకా వెళ్లేసరికి ఆ కేక కూడా నీరసపడిపోయేది.

అక్కడ ఆయా ఒక కొండముచ్చు. పేరు నూకాలు. పొద్దున్నే వార్డు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, మంచాల మధ్య దారి పొడుగునా చుక్కల ముగ్గు వేసేది. ముగ్గు ఆమె డ్యూటీలో లేదు. వేయకపోతే ఆమెకి తెల్లారినట్టుండదు, అంతే.

వేసిన ముగ్గులో ఒక్క చుక్క మాత్రం కలపకుండా వదిలేసేది. "నా నడుం పట్టీసింది బాబూ, ఆ ఒక్క సుక్కా నువ్వు కలిపీ," అని ఎవరో ఒక రోగికి చెప్పి, చీపురు చంకన పెట్టుకుని వెళ్లిపోయేది.

ఆ రోగి ముందు విసుక్కునేవాడు. కాసేపు అటు తిరిగి పడుకునేవాడు. కానీ అంత చక్కటి ముగ్గులో ఒక్క చుక్క వెలితిగా కనబడుతుంటే ఎవరికి మాత్రం కునుకు పడుతుంది? మధ్యాహ్నానికల్లా మూలుగుతూ మంచం దిగేవాడు. "అటు కాదు, ఇటు తిప్పు," అంటూ పక్క మంచాలవాళ్లు కూడా దిగేవాళ్లు.

ఈ ఎత్తు ఆమె ముఖ్యంగా ఒకరి కోసం వేసింది. ఎలుగుబంటి అప్పలస్వామి తేనెపట్టు కోసం చెట్టెక్కి, కొమ్మతో సహా కిందపడి, తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముకైతే అతుక్కుంది గానీ, దాంతోపాటు అప్పలస్వామి కూడా మంచానికి అతుక్కుపోయాడు.

"ఇప్పపూలు రాలే వేళకి నడవకపోతే ఆ కాలు ఇక కర్రే," అని కొంగ డాక్టరు ఒంటికాలి మీద నిలబడి చెప్పి వెళ్లాడు.

"నడిసినన్నాళ్లు నడిసాను. ఇంకెందుకే నాకీ కాళ్లు?" అన్నాడు అప్పలస్వామి.

"నడవొద్దులే తాతా. ఈ సుక్క కలిపీసి పడుకో," అంది నూకాలు.

మొదటిరోజు చుక్క మంచంకోడు పక్కనే పెట్టింది. మర్నాడు ఒక అడుగు అవతల పెట్టింది. నెల తిరిగేసరికి ముసలాయన గుమ్మానికి పది అడుగుల దూరందాకా వచ్చాడు. ఇప్పచెట్లు మొగ్గ తొడిగాయని కాకులు చెప్పుకుంటున్నాయి. ఇంకొక్క వారం చాలనుకుంది నూకాలు.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు ఏనుగుగారు పొరుగు అడవి ఆసుపత్రి చూసొచ్చారు. అక్కడ గోడల నిండా బొమ్మలట, ఆ బొమ్మలు చూస్తూ రోగులు త్వరగా కోలుకుంటున్నారట. మనమేమైనా తక్కువ తిన్నామా అని, వచ్చిన రోజే నెమలిగారిని సౌందర్య సలహాదారుగా వేసుకున్నారు.

నెమలిగారు పింఛం ఎక్కడా తగలకుండా వార్డంతా తిరిగి, ముగ్గు దగ్గర ఆగారు.

"అద్భుతం! బొమ్మలెందుకు, ఇదే మన ప్రాజెక్టు. కాకపోతే రెండు లోపాలున్నాయి. రోజూ చెరిగిపోతోంది. పైగా ఎవరో ఒక చుక్క మర్చిపోయారు."

"మర్సిపోలేదు బాబుగోరూ," అంది నూకాలు. "అది వదిలినాననే రోగులు కిందికి దిగుతారు. సెరిగిపోద్ది గనకే రేపు మళ్లీ దిగుతారు."

"నీకు నడుం నొప్పి అన్నారు, పాపం," అన్నారు నెమలిగారు జాలిగా. "ఇక నువ్వు వంగక్కర్లేదు. శాశ్వతంగా చేయించేస్తాను."

శాశ్వతం అన్న మాట వినగానే ఏనుగుగారి చెవులు రెండూ ఆనందంతో ఊగాయి.

మూడు రోజుల్లో పని పూర్తయింది. అదే ముగ్గు, లక్కరంగుతో, మొహం చూసుకునేంత నునుపుగా. చుక్కలన్నీ కలిశాయి. గుమ్మం దగ్గర "ముగ్గు తొక్కరాదు" అని బోర్డు వెలిసింది. నూకాలు ముగ్గు డబ్బా స్టోరు గదిలోకి పోయింది.

ముగ్గేమో దారి మీద ఉంది. దారి తొక్కకూడదంటే దిగి వెళ్లేదెక్కడికి? రోగులు మంచాల మీదే ఉండిపోయారు. మొదటిరోజు ఎంత బావుందో అన్నారు. రెండోరోజు గోడవైపు తిరిగి పడుకున్నారు. కొంగ డాక్టరు మాత్రం రెక్కలున్నాయి గనక మంచం నుంచి మంచానికి ఎగిరి చూసిపోయేవాడు.

అప్పలస్వామి దుప్పటి ముసుగేశాడు. "ఏటి మిగిలిందే నూకాలూ, నేను కలపడానికి?" అన్నాడు లోపల్నుంచి. ఆ మాటకి నూకాలుకి నిజంగానే ఏడుపొచ్చింది. గుమ్మం అవతల ఇప్పపూల వాసన మొదలైంది.

ఏనుగుగారు రాజుగారికి నివేదిక పంపారు. "ముగ్గు వేసిన నాటినుంచి ఒక్క రోగి కూడా మంచం దిగలేదు. ఇంతటి మనశ్శాంతి ఈ ఆసుపత్రి చరిత్రలో లేదు." అది చదివి ముచ్చటపడి, సింహరాజు ప్రారంభోత్సవానికి బయల్దేరాడు.

బోర్డులు రాజులకి వర్తించవు గదా. మెడలో దండతో, ముందు బాకాలతో, లక్క మీద ఠీవిగా నాలుగడుగులు వేసి, ఐదో అడుగుకి వెల్లకిలా పడ్డాడు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సగంమంది కొట్టారు. రాజుగారి తుంటి బెణికింది. ఖాళీగా ఉన్నది అప్పలస్వామి పక్క మంచం ఒక్కటే.

వారం గడిచింది. "ఇకనైనా నాలుగడుగులు వేయకపోతే కుంటు మిగులుతుంది మహారాజా," అన్నాడు కొంగ డాక్టరు.

"రాజు ఊరికే నడవడు. నడిస్తే ఊరేగింపే. బాకాలవాళ్లేరీ?" అన్నాడు సింహరాజు.

మర్నాడు పొద్దున్న నూకాలు రోగుల జావకి తెచ్చిన బియ్యప్పిండిలో గుప్పెడు దాచింది. రాజుగారి మంచానికీ లక్కకీ మధ్య మిగిలిన మూరెడు నేల మీద చిన్న ముగ్గు పెట్టి, లేచి నిలబడింది.

"ఏయ్, ఆ మూల చుక్క వదిలేశావు," అన్నాడు రాజు.

"నడుం పట్టీసింది మహారాజా. తవరు కలిపీండి."

"నేనా?"

"వద్దులెండి. అలగే ఉంటాది," అని నూకాలు చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

రాజు అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. కళ్లు మూసుకుంటే చుక్క ఇంకా పెద్దదైంది. చివరికి ఎవరూ చూడటంలేదని నమ్మకం కుదిరాక, మెల్లగా దిగి పంజాతో ఒక గీత లాగాడు.

"అలగ కాదు!" పక్క మంచం మీద ముసుగు ఎగిరిపోయింది. "సుక్క మీద నుంచి గీసెత్తారేటి మహారాజా! సుట్టూ తిప్పాల!" అంటూ అప్పలస్వామి కిందికి దిగిపోయాడు.

పదిహేను రోజులుగా మంచం దిగని ముసలాయన కాలు మళ్లీ నేలకి ఆనింది. గుమ్మం చాటునుంచి చూస్తున్న నూకాలు సంతోషం పట్టలేక తన తోకనే నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత ముగ్గు లక్క మీదికి పాకింది. బోర్డు పక్కకి తీయించింది రాజే. పది రోజుల్లో ఆయన గుమ్మం చేరాడు. అప్పలస్వామి ఇంకా సగం దారిలో ఉన్నాడు.

వెళ్తూ వెళ్తూ రాజు ఆజ్ఞ ఇచ్చాడు. "కిటుకంతా ఆ వదిలేసిన చుక్కలో ఉంది. ఇకనుంచి ప్రతి ఆసుపత్రిలోనూ ఒక చుక్క వదలాలి." నూకాలు ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

సాయంత్రం నెమలిగారి మనుషులు రంగు డబ్బాలతో దిగారు. లక్క ముగ్గు మళ్లీ తయారైంది. గుమ్మం దగ్గర ఒక చుక్క, ప్రత్యేకంగా బంగారు రంగులో, కలపకుండా వదిలారు. చుట్టూ కంచె కట్టి బోర్డు పెట్టారు: "రాజాజ్ఞ మేరకు వదిలిన చుక్క. కలపరాదు." నూకాలుకి ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడామె చుక్క సంరక్షణాధికారిణి. కూర్చోడానికి స్టూలు కూడా ఇచ్చారు.

"మరి పొద్దున్న ముగ్గు ఎవలేత్తారండీ?" అని అడిగింది నూకాలు.

"వేసేసి ఉంది గదా!" అన్నారు ఏనుగుగారు.

అప్పలస్వామి మంచం మీంచి ఆ బంగారు చుక్కని రెండు రోజులు చూశాడు. మూడోరోజు ఉండబట్టలేక దిగాడు. గోడ పట్టుకుని, ఆగి ఆగి, వార్డు పొడుగంతా నడిచి వచ్చాడు. నూకాలు చూసింది. చూసి, స్టూలు గోడవైపు తిప్పుకుంది. గాలికి గుమ్మంలోకి కొట్టుకొచ్చిన ఇప్పపువ్వుని నలిపి, ఆ పసరుతో ముసలాయన కంచె సందులోంచి చుక్కని కలిపేశాడు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ప్రభుత్వ చుక్కకు నష్టం కలిగించినందున ఎలుగుబంటి అప్పలస్వామిని ఆసుపత్రి నుంచి తక్షణం వెళ్లగొట్టడమైనది." అప్పలస్వామి శ్రద్ధగా విని, తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఇప్పచెట్ల వైపు వెళ్లిపోయాడు.

నూకాలుకి మెమో వచ్చింది. నీ కాపలాలో చుక్క ఎలా కలిసింది, సంజాయిషీ ఇమ్మని. ఆమె ఒక్క ముక్క చెప్పి రాయించింది: "నడుం పట్టీసి అటు తిరగలేకపోయాను."

నీతి: మంచి పనిని ఆపాలంటే నిషేధించక్కర్లేదు, శాశ్వతం చేసేస్తే చాలు.