ఆరు శాతం చాటున

స్నేహితుడికి పెద్ద మొత్తం ఊరికే ఇస్తే, ఇచ్చినవాడు పన్ను కట్టాలని రూలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవాలి!

మీరు నవ్వుతారు. నవ్వరూ మరి! మీ స్నేహితుడి పడవ తుపానుకి ముక్కలు కాలేదు. మీరు కరావోకే మైకు పట్టుకుని, ఊరంతా వింటుండగా, "కొత్త పడవకి నాలుగు లక్షల పెసోలు నావి!" అని అరవలేదు. నేను అరిచాను. మా ఇలోయిలో ఊళ్లో మాట ఇచ్చినవాడు మర్చిపోయినా విన్నవాళ్లు మర్చిపోరు.

ఆ స్నేహితుడు నెమెసియో. మా అబ్బాయి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు కాబట్టి ఒకరినొకరం 'పరే' అని పిలుచుకుంటాం. ఆ డబ్బంటారా, నేను ముప్పయ్యేళ్లు ఓడల్లో వంట చేసి దాచుకున్నది. తాగిన కల్లు దిగాక ఆ మాట వెనక్కి తీసుకునే దారి వెతికాను.

అప్పుడు నన్ను ఆదుకున్నదెవరు? దేవుడా? కాదు, పన్ను! ఏడాదిలో రెండున్నర లక్షలు దాటిన దానిమీద ఆరు శాతం. నా లెక్కన తొమ్మిది వేలు. పైగా నోటరీ, ఫారం, ముప్పై రోజుల గడువు. ఇంత చక్కని అడ్డంకి ఇంకెక్కడ దొరుకుతుంది?

"ఇచ్చేద్దామనే ఉంది పరే, కానీ ఈ టాక్సొకటి!" అని నిట్టూర్చాను. ఇవ్వనన్నవాడు పిసినారి. ఫారం ఇంకా నింపలేదన్నవాడు బాధ్యత గల పౌరుడు. తేడా చూశారా! వారానికో సందేహం పుట్టించి పన్నుల ఆఫీసుకి మోశాను. డబ్బు కాకుండా పడవే ఇస్తే? ఇంజను ఈ ఏడు, పడవ వచ్చే ఏడు ఇస్తే? గుమాస్తా అమ్మాయికి విసుగొచ్చింది.

"ముందు ఇవ్వండి సార్. ఇచ్చాక రండి."

మా ఆవిడ లూర్దెస్ అన్నం వడ్డిస్తూ అంది: "నువ్వు మొదటిసారి ఓడెక్కడానికి ఏజెంటుకి కట్టిన డబ్బెవరిది? నెమెసియో తన పడవ ఇంజను అమ్మి నీ చేతిలో పెట్టాడే, అప్పుడు ఆయన ఏ ఆఫీసుకి వెళ్లాడు?"

చేపల పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పి లేచిపోయాను.

నిన్న పొద్దున్నే నెమెసియో వచ్చాడు. రెండు నెలలుగా ఎవరెవరి పడవల్లోనో కూలికి పోతున్నాడు. బల్లమీద ఒక కవరు పెట్టాడు.

"తొమ్మిది వేలు, పరే. పండక్కని మేపిన పందిని అమ్మేశాన్లే. నాకు ఇస్తూ నువ్వు నష్టపోవడమేంటి?"

మొహంలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. ఉంటే ఎంత బాగుండేది! లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. లూర్దెస్ పాస్‌బుక్ తెచ్చి నా ముందు పడేసింది. కవరు వాడి జేబులో కుక్కాను. ఇద్దరం బ్యాంకుకి నడిచాం.

కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవి. ఆరు శాతం ఏ మూలకండీ? ఒక్క పందిని అమ్మితే తీరిపోయే పన్ను చాటున మనిషన్నవాడు ఎలా దాక్కుంటాడు? దయచేసి వంద శాతం చేయండి. అప్పుడైనా నాలాంటివాళ్లకి కాస్త నీడ దొరుకుతుంది.

అయినా నాకు నమ్మకం లేదు. మా నెమెసియో అది కూడా ఎక్కణ్నుంచో తెచ్చి బల్లమీద పెడతాడు.