పసుపు చొక్కాలో తేనెటీగలు

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరితే చాలు, మడుగు దగ్గర కొట్లాటే. ముందు తాగినవాళ్లకి నీళ్లు, వెనకొచ్చినవాళ్లకి బురద. సింహంగారు విసిగిపోయి మూడు రోజుల సైకిల్ పందెం పెట్టించారు. జంతువులకి సైకిళ్లెక్కడివని అడక్కండి, కమిటీ అంటూ వేశాక ఏదైనా వస్తుంది.

గుట్ట ముందెక్కినవాడికి ఎర్రచుక్కల చొక్కా. చదునునేల మీద దౌడు తీసినవాడికి ఆకుపచ్చది. ఈ రెండూ ఉత్త మర్యాదకే. అన్ని రోజులూ కలిపి తక్కువ టైము పట్టినవాడికి పసుపుది. ఆఖరికి అదెవరిదైతే మడుగులో తొలి వంతు వాళ్ల కుటుంబానిది.

రెండు రోజులూ పసుపు చొక్కా ముంగిస మల్లక్కదే. నలుగురు పిల్లల తల్లి. పోయినేడు వాళ్లకి బురద వడగట్టి తాగించింది పాపం, అందుకే పళ్లు బిగించి తొక్కింది.

ఎలుగుబంటి భద్రయ్యది ఆఖరి స్థానం. అయితేనేం, రాజుగారి బావమరిది! సింహానికి ఎలుగు బావమరిదేమిటంటారా? పదవి ఉంటే చుట్టరికం అదే కలుస్తుంది.

"ఏమయ్యా కార్యదర్శీ, నా సంగతేమైనా చూస్తావా?" అన్నాడు నక్క గురవయ్యతో.

"దానిదేముంది భద్రయ్యగారూ! ఇన్నాళ్లూ ముందున్నవాడికి చొక్కా ఇచ్చాం. ఇకమీదట చొక్కా ఉన్నవాడే ముందున్నట్టు. గడియారాలు బంద్!"

తెల్లారేసరికి రూలొచ్చింది. పసుపు చొక్కాని ఎవరూ దాటరాదు. ఆ చొక్కా వేసుకున్నవాళ్లు తాగేదాకా ఎవరూ నీళ్లు ముట్టరాదు. మల్లక్క ఒంటిమీది చొక్కా వలిచి భద్రయ్యకి తొడిగారు. అది బొజ్జ దగ్గరే ఆగిపోయింది.

"అబ్బ, ఎంత ఒప్పిందో!" అంది కమిటీ.

మూడో రోజు భద్రయ్య ముందు, అడవంతా వెనక. మడుగు కనిపిస్తుండగా ఆయన ముక్కుకి తేనె వాసన తగిలింది. సైకిలు పొదల్లోకి తిప్పాడు. అందరూ తిప్పారు.

"దారి ఇటు కదర్రా!" అంది మల్లక్క.

"పసుపు చొక్కా ఎటుంటే అదే దారి," అంది దుప్పి. ఒంటిమీది చుక్కలు చాలక ఎర్రచుక్కల చొక్కా కూడా తొడుక్కుంది.

మల్లక్క తిన్నగా పోయి మడుగు ఒడ్డున పందెం ముగిసే గీత చేరింది. గురవయ్య ఎగిరిపడ్డాడు. "పసుపు చొక్కాని దాటొద్దన్నాంగా!"

"నేనెక్కడ దాటానయ్యా? ఆయనే పక్కకి పోయాడు."

ఇంతలో కుయ్యో మొర్రోమంటూ భద్రయ్య, ఆ వెనక అడవంతా పరిగెత్తుకొచ్చారు. భద్రయ్య ఒంటిమీద చొక్కా లేదు. అది తేనెతుట్టె కొమ్మకి చిక్కుకుని అక్కడే వేలాడుతోంది. దాన్నిండా తేనెటీగలు.

రూలు రూలే. ఇప్పుడు చొక్కా తొడుక్కున్నది తేనెటీగలు, వాటికేమో దాహం లేదు. మిట్టమధ్యాహ్నానికి సింహంగారి నోరే పిడచగట్టుకుపోయింది.

"రూలు రద్దు! నిజంగా ముందొచ్చిందెవరు?"

"మల్లక్కే ప్రభూ," అని గురవయ్య చప్పున దండం పెట్టాడు. "తల్లీ, పసుపు చొక్కా నీదే. వెళ్లి తెచ్చుకో."

మల్లక్కకి ఒళ్లు మండిపోయింది. "నా ఒంటిమీదున్నది వలిచేశారు. తేనెటీగల పాలయ్యాక నాదైందా? ఆ మర్యాదేదో మీరే చేయించుకోండి. కాస్త జరగండి, నా పిల్లలు దాహంతో ఉన్నారు."

నలుగురు పిల్లలూ తేటనీళ్లు కడుపారా తాగారు. సింహంగారు వాళ్ల వెనక వరసలో నిలబడ్డారు.

నీతి: ముందున్నాననిపించుకోవడానికి చొక్కా చాలు, దాహం తీరాలంటే మాత్రం తొక్కాల్సిందే.