రేపు నీళ్లు రావు

నిప్పు, చక్రం తర్వాత మనిషి కనిపెట్టినవాటిలో అంతటి గొప్పది జట్టేనని నీటి సరఫరా కార్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది. (నిప్పును ఎవడో ఒక్కడే రాజేసి ఉంటాడన్న సందేహాన్ని, మర్యాద కాదని, తీర్మానంలోంచి కొట్టేశారు.)

అంతకుముందు అక్కడి ప్రకటనల విభాగంలో పని చాలా అనాగరికంగా సాగేది. గొట్టం పగిలిందని కబురు రాగానే రాతమ్మ ఓ కాగితం లాక్కుని "రేపు నీళ్లు రావు" అని రాసి, మైకు ఆటోవాడి చేతిలో పెట్టి, చల్లారకముందే తన టీ తాను తాగేసేది. జనం బిందెలు నింపుకునేవాళ్లు. ఇందులో జట్టు ఎక్కడుందని అడిగిన నాథుడు లేడు.

ఆ లోటు తీర్చడానికి సమన్వయాధికారి వచ్చాడు. వచ్చీ రాగానే అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరి బలమేమిటో తేల్చాడు. ఒక గుమాస్తా బలం అనుమానం. ఇంకో గుమాస్తా బలం మర్యాద. గోడవార కూర్చునే పెద్దాయనకు ఎంత వెతికినా బలం దొరక్కపోయేసరికి ఆయన్ని జట్టు నాయకుణ్ణి చేశారు. రాతమ్మ బలం క్లుప్తత. బలహీనత, పని ఒక్కతే ముగించెయ్యడం.

"ఇకమీదట ప్రతి ప్రకటనలోనూ అందరి బలాలూ కనబడాలి," అన్నాడు అధికారి. "నలుగురితో నారాయణ."

"గుంపుతో గోవింద," అంది రాతమ్మ.

దాన్ని ఆయన మద్దతుగా రాసుకున్నాడు. జట్టు తేల్చకముందే ఏ సంగతినైనా బయటపెట్టినవాళ్లను బిల్లుల పంపిణీకి మారుస్తామని కూడా రాసుకున్నాడు. బిల్లుల పంపిణీ అంటే ఎండలో ఇల్లిల్లూ తిరిగి ప్రతి ఇంటి కుక్కతోనూ పరిచయం పెంచుకోవడం. రాతమ్మ మోకాళ్లు అంత స్నేహానికి తట్టుకునేవి కావు.

ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది, పెద్ద గొట్టం మర్నాడు మారుస్తున్నారని. జట్టు కూర్చుంది.

"'రావు' అని అంత ఖచ్చితంగా ఎలా అంటాం? ఒకవేళ వస్తే?" అన్నాడు అనుమానం గుమాస్తా.

"గొట్టమే ఉండదు కదయ్యా. నీ నోట్లోంచి వస్తాయా?" అంది రాతమ్మ.

"అయినా 'రావు' అంటే మొహం మీద తలుపేసినట్టుందమ్మా," అన్నాడు మర్యాద గుమాస్తా. "'రావడానికి సుముఖంగా లేవు' అందాం."

నాయకుడు ముగ్గురి మాటకూ తలూపాడు. మధ్యాహ్నానికి 'రేపు' అన్న మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది. అధికారి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

ఆ చప్పట్లలోనే రాతమ్మ ఫోను మోగింది. అన్నగారి భార్య. ఆసుపత్రి దుప్పట్లు ఉతికిచ్చే దుకాణం ఆవిడది.

"మరదలా, దుప్పట్లు గుట్టలా వచ్చిపడ్డాయి. రేపటికి ఇవ్వకపోతే పని ఇంకొకళ్లకిచ్చేస్తారట. నీళ్లకేం ఢోకా లేదుగా?"

"ప్రకటన వస్తుంది, విను వదినా."

"ఎప్పుడొస్తుంది?"

లోపల 'సుముఖం' మీద ఓటింగు మొదలైంది. రాతమ్మ మెట్లవారకు నడిచి గొంతు తగ్గించింది. "ఇప్పుడే డ్రమ్ములు నింపుకో. రేపొక్కరోజే. ఎవరితోనూ అనకు."

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. చీకటి పడేలోపు ఊరంతా డ్రమ్ములు నిండాయి.

మర్నాడు కొళాయిలు ఎండాయి. ఒక్క ఫిర్యాదూ రాలేదు. "ప్రకటన వెలువడకముందే ప్రజలు సహకరించారు. అదీ సమన్వయమంటే," అన్నాడు అధికారి. వదిన దుప్పట్లు సకాలానికి చేరాయి. ఆసుపత్రివాళ్లు మెచ్చుకుని ఇంకా పెద్ద మూట పంపారు.

ఆ సాయంత్రం గొట్టం అమర్చడమూ ప్రకటన పూర్తవడమూ ఒకేసారి జరిగాయి. "వినియోగదారుల అమూల్య సహకారాన్ని ముందుగానే అభినందిస్తూ, అనివార్యమని అనుమానించదగిన కారణాల దృష్ట్యా, రేపు నీళ్లు రావడానికి సుముఖంగా ఉండకపోవచ్చునని సవినయంగా మనవి." రాతమ్మ క్లుప్తతకు చివరి చుక్క కేటాయించారు.

"రేపేమిటండీ? ఇవాళే అయిపోయిందిగా," అంది రాతమ్మ.

"ఆ మాట మీద ఏకాభిప్రాయం ఉందమ్మా. కదిపితే మళ్లీ మొదట్నుంచి కూర్చోవాలి," అని అధికారి కలం అందించాడు. "అన్నట్టు, ఈ సంగతి నిన్ననే ఊళ్లో పాకిందట. ఎవరి నోటినుంచి వచ్చిందో విచారించమంటారా?"

రాతమ్మ చుక్క పెట్టింది. ప్రకటన సంగతి వదినకు చెబుదామని ఫోను తీసి, కుక్కలు గుర్తొచ్చి, సంచిలో పెట్టేసింది.

మైకు ఆటో బయల్దేరింది. రోజంతా సరఫరా లేక ట్యాంకు అప్పుడప్పుడే నిండుతోంది. ఊరు ఊరంతా మళ్లీ కొళాయిల మీద పడింది. డ్రమ్ములు, బకెట్లు, పిల్లల నీళ్ల సీసాలు, పూలకుండీలు. ట్యాంకు అడుగు తేలింది. తెల్లారేసరికి చుక్క లేదు. ప్రకటన అక్షరాలా నిజమైందని కార్యాలయం హర్షం ప్రకటించింది.

వదిన దుకాణం గొట్టానికి చిట్టచివర. ఆటో ఆ వీధి మలుపు తిరిగేసరికే కొళాయి బుసకొట్టి ఊరుకుంది.

"ఆసుపత్రి దుప్పట్లన్నీ నురగలో తేలుతున్నాయే," అంది వదిన పొద్దున్నే ఫోనులో. "వాళ్ల వ్యాను వాకిట్లో నిలబడింది. ఒక్కరోజే అన్నావుగా? గొట్టం బాగు కాలేదా?"

"బాగైంది వదినా."

"మరి ఇది ఎవరి పనే?"

లోపల మళ్లీ చప్పట్లు. రాతమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరిదీ కాదు వదినా. అందరం కలిసి చేశాం."